లావు తెలుగు ఫాంటుల్లో ఏది దేనికి? బోర్డు, ఫ్లెక్సీ, పోస్టరు, థంబ్‌నెయిల్ చేయించేవాళ్లకు ఒక పోలిక

హన్మకొండ చౌరస్తాలో దుకాణం బోర్డయినా, మేడారం దారిలో కట్టే జాతర ఫ్లెక్సీ అయినా, డిజైన్ చేసే పిల్లగాడు మొదట అడిగేది ఒకటే: "అన్నా, ఏ ఫాంటు పెట్టమంటవ్?" వచ్చే జవాబు కూడా దాదాపు ఒకటే: "లావుగ, కొట్టొచ్చినట్టు కనపడేది పెట్టు." అతను లిస్టులో అన్నిటికంటే నల్లగా ఉన్నదాన్ని పెడతాడు. స్క్రీన్ మీద బాగుంటుంది. కట్టాక రోడ్డు అవతల నిలబడి చూస్తే పేరు చదవలేం, నల్లటి ముద్దలు కనిపిస్తాయి.

తెలుగు అక్షరాన్ని లావు చేస్తే గీత బయటికి కొంతే పెరుగుతుంది, లోపలికి చాలా పెరుగుతుంది. ఇంగ్లిష్ 'హెచ్'ను ఎంత లావు చేసినా పక్కన ఖాళీ మిగులుతుంది. మన 'ఘ', 'ష', 'మ', 'క్ష' అలా కావు, ఉన్న ఖాళీలన్నీ చిన్న చిన్న గదుల్లా లోపలే ఉంటాయి. కాబట్టి లావు ఫాంటు ఎంచుకునేటప్పుడు ఎంత నలుపు ఉందన్నది తర్వాత, ఎంత తెలుపు మిగిలిందన్నది ముందు చూడాలి. కింది పోలికంతా ఈ కొలత మీదే.

## దేన్ని చూసి ఎంచుకోవాలి

లోపలి ఖాళీ. ఫాంటు పేరు వినగానే ఒప్పుకోకుండా ఈ లైను టైపు చేయించండి:

రథం భద్రకాళి ఘన్‌పూర్ సమ్మక్క రాష్ట్రం స్త్రీ జ్ఞానం క్షేత్రం 0123456789

ఇందులో ఒక్కో మాట ఒక్కో పరీక్ష. 'రథం'లో 'థ'కు, 'ధ'కు తేడా నడుమనున్న చుక్క ఒక్కటే. లావు ఫాంటులో ఆ చుక్క చుట్టూ తెల్లటి వలయం సన్నబడుతుంది. ఫ్లెక్సీ మీద సిరా కొంచెం పాకినా చుక్క గోడకు అంటుకుని 'రథం' కాస్తా 'రధం' అవుతుంది. 'భద్రకాళి'లో 'భ' కింది చిన్న గీత మునిగిపోతే 'బద్రకాళి' అని చదువుతారు. అమ్మవారి పేరు తప్పుగా కనిపించే బోర్డును ఎవరూ ఊరుకోరు. 'ఘన్‌పూర్'లో 'ఘ', 'ప' ఒకే మాటలో ఉంటాయి గనుక రెంటికీ తేడా స్పష్టంగా ఉందో లేదో వెంటనే తెలుస్తుంది. 'సమ్మక్క'లో రెండు ఒత్తులు పక్కపక్కన వస్తాయి, ఒకదాన్నొకటి తగలకూడదు. 'రాష్ట్రం', 'స్త్రీ' ఒకే అక్షరానికి రెండు ఒత్తులున్న మాటలు. ఫాంటులో గానీ సాఫ్ట్‌వేర్‌లో గానీ లోపముంటే ఇక్కడ బయటపడుతుంది.

దూరం. బోర్డుల పనిలో వాడే మోటు లెక్క ఇది: ప్రతి 10 అడుగుల దూరానికి అక్షరం ఎత్తు ఒక అంగుళం. 60 అడుగుల రోడ్డు అవతలి నుంచి చదవాలంటే 6 అంగుళాలు. ఈ లెక్క ఇంగ్లిష్ పెద్ద అక్షరాలకు పుట్టింది. తెలుగులో ఒత్తు అడుగు నుంచి గుడి పై అంచు దాకా కొలిచి "6 అంగుళాలొచ్చింది" అనుకుంటే మోసపోతాం. కొలవాల్సింది గుణింతం, ఒత్తు లేని 'వ', 'ర' లాంటి అక్షరం ఒంటి ఎత్తు. గుడి, ఒత్తులతో కలిపి లైనుకు దీనికి రెట్టింపు, ఒక్కోసారి ఇంకొంచెం ఎక్కువ చోటు కావాలి. 6 అంగుళాల అక్షరానికి 12 నుంచి 13 అంగుళాల పట్టీ వదలాలి.

కట్టే ముందే దీన్ని ఇంట్లో చూసుకోవచ్చు. పై పరీక్ష లైనును అక్షరం ఒళ్లు ఒక అంగుళం వచ్చేట్టు ఏ4 కాగితాల మీద ప్రింటు తీసి (పాయింటు సైజు ఫాంటును బట్టి మారుతుంది, స్కేలు పెట్టి కొలవండి) గోడకు అంటించి 10 అడుగులు వెనక్కి జరగండి. 10 అంగుళాల అక్షరం 100 అడుగుల నుంచి ఎలా కనిపిస్తుందో ఇదీ అలాగే కనిపిస్తుంది. ఇంకో 10 అడుగులు వెనక్కి పోయి, ముందు ఏ అక్షరం మూసుకుపోతోందో చూడండి. ఆ ఫాంటు బలహీనత అదే.

మందాల మెట్లు. ఒకే మందంలో దొరికే ఫాంటుకు, ఐదు, ఎనిమిది మందాల్లో దొరికే ఫాంటుకు పనిలో చాలా తేడా ఉంటుంది. నల్లటి నేల మీద తెల్లక్షరం, లోపల లైటు వెలిగే అక్షరం అసలు మందం కంటే లావుగా కనిపిస్తాయి. అక్కడ ఒక మెట్టు దిగాలి. మెట్లు లేని ఫాంటులో దిగడానికి చోటుండదు.

పక్కన ఏ లిపి ఉంది. 2017 నుంచి ఉర్దూ తెలంగాణ అంతటా రెండో అధికార భాష. ఆఫీసు బోర్డుల్లో, కాజీపేట లాంటి రైల్వే ఊళ్లలో మూడు నాలుగు లిపులు ఒకే పలక మీద ఉంటాయి. తెలుగు ఒక్కటే లావుగా ఉండి మిగతావి సన్నగా ఉంటే పలక ఒక పక్కకు ఒరిగినట్టు కనిపిస్తుంది.

## ఒక్కొక్కటిగా

రామభద్ర. అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర విడుదల చేసిన ఫాంటుల్లో శీర్షికల కోసమే చేసినది. ఒక్కటే మందం, అదీ బాగా లావు. మూడు నాలుగు మాటల శీర్షికకు, పోస్టరు మీద ఒక పేరుకు ఇది కూర్చున్నట్టు మరొకటి కూర్చోదు. అక్షరానికి నిండుదనం, గట్టి పునాది ఉంటాయి. "బతుకమ్మ సంబురాలు", "పుస్తక ప్రదర్శన" లాంటి మాటలకు బాగా నప్పుతుంది.

దీంతో వచ్చే చిక్కు ఒకటుంది, చాలామంది గమనించరు. రూపం లావుగా ఉన్నా ఫాంటు ఫైలులో దీని మందం 'రెగ్యులర్', అంటే 400 అనే రాసి ఉంటుంది (మందాన్ని 100 నుంచి 900 దాకా అంకెల్లో చెబుతారు). వెబ్ పేజీలో దీన్ని పెద్ద శీర్షికకు పెడితే, శీర్షిక బోల్డుగా ఉండాలన్న నియమం వల్ల బ్రౌజరు దీని మీద సొంతంగా ఇంకో పొర లావు పులుముతుంది. వర్డ్‌లో 'బి' బటన్ నొక్కినా అంతే. అప్పటికే ఇరుకైన గదులు పూర్తిగా మూసుకుపోతాయి. "రామభద్ర బాగాలేదండీ, ముద్దగా ఉంది" అనే ఫిర్యాదుల వెనక ఎక్కువసార్లు ఉండేది ఈ పులుముడే. వెబ్‌లో శీర్షికకు ఫాంట్-వెయిట్ 400 అని స్పష్టంగా రాయాలి. డీటీపీలో, అంటే కంప్యూటర్‌లో అచ్చుపేజీ కూర్చేటప్పుడు, 'బి' జోలికి పోకూడదు.

బాలూ తమ్ముడు 2. ముంబయిలో ఫాంటులు చేసే ఏక్ టైప్ వాళ్లు తయారుచేసిన బాలూ కుటుంబంలో తెలుగు తమ్ముడు. రెగ్యులర్ నుంచి ఎక్స్‌ట్రాబోల్డ్ దాకా (400 నుంచి 800) ఐదు మెట్లున్నాయి. గీతల చివరలు గుండ్రంగా, మెత్తగా ఉంటాయి. బడి వార్షికోత్సవం, మిఠాయి దుకాణం, పిల్లల బట్టలు, ఐస్‌క్రీం బండి... వీటికి వేరే ఆలోచన అక్కర్లేదు. సంతాప ఫ్లెక్సీకి మాత్రం వద్దు. ఆ గుండ్రదనంలో ఒక నవ్వు ఉంటుంది, ఆ సందర్భంలో అది చూసేవాళ్లకు గుచ్చుకుంటుంది.

దీని పెద్ద బలం అన్నదమ్ములు. దేవనాగరికి బాలూ 2, ఉర్దూ అక్షరాలకు బాలూ భాయీజాన్ 2 ఉన్నాయి. తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ ఒకే బోర్డు మీద ఒకే బరువుతో రావాలంటే లావు ఫాంటుల్లో ఇంత తేలికైన దారి మరోటి లేదు.

అనేక్ తెలుగు. ఇదీ ఏక్ టైప్‌దే. మందం 100 నుంచి 800 దాకా, వెడల్పు 75 నుంచి 125 దాకా (మామూలుది 100), రెండూ మార్చుకోవచ్చు. ఆ వెడల్పు సర్దుబాటు మన ఫ్లెక్సీలకు వరం. ఎందుకో ఒక లెక్కలో చూద్దాం.

అడ్డం 8, నిలువు 4 అడుగుల జాతర ఫ్లెక్సీ. బస్సులో పోయేవాళ్లు 100 అడుగుల నుంచి చదవాలి, అంటే అక్షరం ఒళ్లు 10 అంగుళాలు. లైనుకు 20 నుంచి 22 అంగుళాలు కావాలి గనుక 48 అంగుళాల ఎత్తులో రెండు లైన్లకు మించి పట్టవు. "సమ్మక్క సారలమ్మ" ఏడక్షరాలు. లావు తెలుగు అక్షరం వెడల్పు దాని ఎత్తుకు సుమారు 1.4 రెట్లు అనుకుంటే 98 అంగుళాలు, నడుమ ఖాళీతో 104. ఫ్లెక్సీ వెడల్పు 96. అంచు మడతకు, తాడు కట్టే రింగులకు రెండు వైపులా రెండు మూడు అంగుళాలు వదిలితే మిగిలేది 90. పేరు పట్టదు.

ఇక్కడ చాలామంది అక్షరాలను అడ్డంగా నొక్కేస్తారు. నొక్కితే నిలువు గీతలు సన్నబడతాయి, అడ్డగీతలు అలాగే లావుగా ఉంటాయి, సున్న కోడిగుడ్డవుతుంది. అనేక్‌లో వెడల్పు 75కి దించితే గీత మందం చెడకుండా అక్షరమే ఇరుకుగా వస్తుంది. అదే ఎత్తులో పేరు దాదాపు 80 అంగుళాల్లో సర్దుకుంటుంది.

లోటు లేకపోలేదు. రామభద్రకున్న సొంత ముఖం దీనికి లేదు. శుభ్రంగా, ఆధునికంగా ఉంటుంది, కానీ ఒంటరిగా పోస్టరంతా మోయమంటే కొంచెం చప్పగా ఉంటుంది. మిగతా భారతీయ లిపులు చాలావాటికి అనేక్ జతలున్నా ఉర్దూకు లేదు.

నోటో సాన్స్ తెలుగు, బ్లాక్. 100 నుంచి 900 దాకా తొమ్మిది మెట్లు. అందరికీ తెలిసిన ముఖం, అలంకారం ఏమీ ఉండదు. దారి చూపే బోర్డులు, ఆసుపత్రి గదుల పేర్లు, కలెక్టరేట్ పలకలు, ఎక్కడ అపార్థం రాకూడదో అక్కడ ఇది. ఉర్దూకు నోటోలోనే నస్తలీఖ్ (ఉర్దూ మామూలుగా రాసే వాలు శైలి) ఉంది. బ్లాక్ అనే 900 మెట్టు మాత్రం బాగా పెద్ద సైజుకే. మామూలు బోర్డుకు 700 చాలు, చదవడానికి అదే హాయి.

హింద్ గుంటూరు, చతుర, రవిప్రకాష్. వీటి గురించి క్లుప్తంగా. హింద్ గుంటూరు 700 దగ్గరే ఆగిపోతుంది, అది తెర మీద చదివే రాతకు పుట్టింది. లావు శీర్షికకు కాదు, శీర్షిక కింది వివరాలకు చక్కగా సరిపోతుంది. చతురలో ఎక్స్‌ట్రాబోల్డ్ ఉంది, కానీ ఒకే పాయింటు సైజులో మిగతావాటికంటే బాగా చిన్నగా కనిపిస్తుంది. పాయింట్లు చూసి కాకుండా స్కేలు చూసి పెంచుకోవాలి. రవిప్రకాష్ శీర్షికల కోసం చేసినది, ఒకటి రెండు మాటలకే.

అను, శ్రీలిపి లాంటి పాత డీటీపీ ఫాంటులు. వరంగల్, కరీంనగర్ ప్రెస్సుల్లో, ఫ్లెక్సీ షాపుల్లో ఇప్పటికీ వేళ్లు ఆడేది వీటి మీదే. వంకర తిరిగినవి, కుంచె గీతవి, నీడ పడినవి, ఇన్ని రకాల లావు ముఖాలు ఉచిత ఫాంటుల్లో ఇంకా రాలేదు. పెళ్లి పత్రిక, సినిమా తరహా పోస్టరు కావాలంటే వీటి దగ్గరికే పోవాలి. కానీ ఇవి యూనికోడ్ (ఫోన్లు, వెబ్ అన్నీ వాడే ఒకే అక్షర కోడు) కావు. మీరు వాట్సాప్‌లో పంపిన పాఠం నేరుగా అందులో అతకదు. మళ్లీ టైపు చేయాలి, లేదా కన్వర్టరులో వేయాలి. రెండింట్లోనూ తప్పులు దొర్లుతాయి, ముఖ్యంగా 'క్ష', 'జ్ఞ', రెండు ఒత్తుల మాటల దగ్గర. అందుకే ఈ దారిన పోయేవాళ్లు ప్రూఫు చూడకుండా ప్రింటుకు ఒప్పుకోవద్దు. ఇవి డబ్బు పెట్టి కొనే ఫాంటులన్నది కూడా లెక్కలో ఉంచుకోండి. వీటికి ముందు చెప్పినవన్నీ గూగుల్ ఫాంట్స్ సైటులో దొరికేవి, ఓపెన్ ఫాంట్ లైసెన్స్‌వి. వ్యాపారానికి కూడా పైసా కట్టకుండా వాడుకోవచ్చు, ఫాంటును విడిగా అమ్ముకోవడం మాత్రం కుదరదు.

చేతిరాత పెయింటర్. ఊరి గోడ మీద, రోలింగ్ షట్టర్ మీద ఏ ఫాంటూ అతని ముందు నిలవదు. ఫాంటులో ఒత్తు ఎక్కడుండాలో ముందే రాసి ఉంటుంది. పెయింటర్ 'జమ్మికుంట'లో 'మ' ఒత్తును కొంచెం పక్కకు జరిపి, పక్కనున్న 'కు' కొమ్ముకు చోటిస్తాడు. షట్టర్ మడతల మీద అక్షరం ఎక్కడ విరుగుతుందో చూసి అక్కడ గీత రాకుండా సర్దుతాడు. ఒకటే బోర్డయితే ఇతన్ని పిలవడమే మేలు. ఇరవై బోర్డులు ఒకేలా రావాలంటే ఫాంటుకు పోక తప్పదు.

| | మందాలు | వెడల్పు మార్పు | ఉర్దూ జత | దేనికి మేలు | ఎక్కడ దెబ్బతింటుంది |
|---|---|---|---|---|---|
| రామభద్ర | 1 | లేదు | లేదు | పోస్టరు శీర్షిక, ముఖచిత్రం | లైటు వెలిగే అక్షరాలు, చిన్న సైజు |
| బాలూ తమ్ముడు 2 | 5 | లేదు | ఉంది | దుకాణం, బడి, రేడియం కటింగ్ | గంభీర సందర్భాలు |
| అనేక్ తెలుగు | 8 | ఉంది | లేదు | పొడవు పేర్లు, థంబ్‌నెయిల్ | సొంత ముఖం కావాల్సిన చోట |
| నోటో సాన్స్ తెలుగు | 9 | ఇరుకు రూపం ఉంది | ఉంది | దారి బోర్డులు, కార్యాలయాలు | పండుగ కళ కావాల్సిన చోట |
| పాత డీటీపీ ఫాంటులు | రకరకాలు | ఫాంటును బట్టి | ఫాంటును బట్టి | పత్రికలు, అలంకార పోస్టర్లు | వెబ్, ఫోను, పాఠం మార్పిడి |

## మీ పని ఏది?

ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్ ప్యానెల్) షీటు మీద అక్రిలిక్ అక్షరాలు, లోపల ఎల్ఈడీ పెట్టించేవాళ్లు మొదట గీత వెడల్పు చూడాలి. ఎల్ఈడీ మాడ్యూల్ కూర్చోవడానికి గీత కనీసం అంగుళంన్నర ఉంటే పని సాఫీగా సాగుతుంది. అందుకని లావు ఫాంటు తప్పదు, కానీ వెలుగు పాకి ఖాళీలు మూసుకుపోతాయి కాబట్టి మరీ లావూ వద్దు. తమ్ముడు లేదా అనేక్‌లో 700 దగ్గర ఆపండి. ఇంకో ఖర్చు ముందుగా తెలియదు: ఒంటికి తగలని ప్రతి ఒత్తు, ప్రతి చుక్క విడి ముక్క. విడి ముక్కకు విడి బిగింపు, విడి వైరు. 'సమ్మక్క' అనే మూడక్షరాల పేరుకు ఐదో ఆరో ముక్కలు కావచ్చు. అక్షరానికి ఇంత అని ధర చెప్పే షాపులో ఒత్తును విడిగా లెక్కిస్తారేమో ముందే అడగండి.

బండి అద్దం మీద రేడియం స్టిక్కరు కటింగ్‌కు గుండ్రటి చివరలున్న తమ్ముడే నయం. పదునైన కొసలు తీసేటప్పుడు లేస్తాయి, ఎండకు మొదట ఊడేవి అవే. గుడ్డ సంచి మీద స్క్రీన్ ప్రింటింగ్ అయితే ఖాళీలు సగం బట్ట తాగేస్తుంది. సెమీబోల్డ్ చాలు, అచ్చయ్యాక అదే బోల్డు అవుతుంది.

వరంగల్ ఎనుమాముల మార్కెట్ పక్కన "చపాటా మిర్చి" అని బోర్డు పెట్టే వ్యాపారికి రామభద్ర కళ్లు మూసుకుని పెట్టొచ్చు. ఆ మాటల్లో 'మి' తప్ప ఇరుకైన అక్షరం లేదు, ఒత్తు కూడా ఒక్కటే. "శ్రీ జ్ఞానక్షేత్ర ఎలక్ట్రికల్స్ & హార్డ్‌వేర్" అయితే అదే ఫాంటు నిలవదు, అనేక్ బోల్డుకు పోవాలి. ఫాంటు బాగుందా అని విడిగా అడగడం కంటే మీ పేరులోని అక్షరాలకు బాగుందా అని చూడటమే సరైన పద్ధతి.

థంబ్‌నెయిల్ చేసేవాళ్లు 1280 బై 720 సైజులో పెద్దగా చూసుకుని మురిసిపోతారు. చూసేవాడి ఫోనులో అది రెండు వేళ్ల వెడల్పు. మూడు మాటలు దాటకుండా అనేక్ ఎక్స్‌ట్రాబోల్డ్, ఇరుకు వెడల్పులో పెట్టి, తెరను పది శాతానికి చిన్నది చేసి చూడండి.

## షాపులో చెడేది ఎక్కడ

ఫాంటు మంచిదే ఎంచుకున్నా చివరి గంటలో పాడయ్యే చోట్లు ఇవి.

ఫోటోషాప్‌లో అతికించగానే ఒత్తులు విడిపోయి 'సమ్మక్క'లో పొల్లులు పైకొస్తే తప్పు ఫాంటుది కాదు. పాత వెర్షన్లలో అయితే ప్రిఫరెన్సెస్‌లో టైప్ అనే చోట టెక్స్ట్ ఇంజిన్‌ను వరల్డ్-రెడీ లేఅవుట్‌కు (ఇంకా పాతవాటిలో మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్) మార్చి, కొత్త ఫైలు తెరవాలి. ఇన్‌డిజైన్‌లో వరల్డ్-రెడీ పారాగ్రాఫ్ కంపోజర్ పెట్టాలి. పేజ్‌మేకర్‌లో మాత్రం ఎంత వెతికినా దొరకదు, యూనికోడ్ తెలుగు అందులో పనిచేయదు. ఇంక్‌స్కేప్‌లో ఏ సెట్టింగూ లేకుండానే సరిగ్గా వస్తుంది, అదీ ఉచితంగా.

అక్షరం చుట్టూ తెల్ల అంచు పెట్టడం మన ఫ్లెక్సీల్లో మామూలు. కోరెల్‌డ్రాలో అంచు గీత సగం బయటికి, సగం లోపలికి పడుతుంది. ఆ లోపలి సగం 'థ' చుక్కను మింగేస్తుంది. అవుట్‌లైన్ పెన్‌లో 'బిహైండ్ ఫిల్' టిక్ చేయండి, మూలలు గుండ్రటివి ఎంచుకోండి, లేకపోతే తలకట్టు కొసల దగ్గర ముళ్లలా పొడుచుకొస్తాయి. ఫోటోషాప్‌లో స్ట్రోక్ పొజిషన్ 'అవుట్‌సైడ్' ఉండాలి. అనేక్ లాంటి వేరియబుల్ ఫాంటుకు (మందం, వెడల్పు జరుపుకోగల ఫాంటు) అంచు పెడితే అక్షరం నడుమ కోసినట్టు అడ్డగీతలు కనిపించవచ్చు. ఆ ఫాంటులో ఒక అక్షరం ఒకదాని మీద ఒకటి పడిన ముక్కలుగా ఉండటమే కారణం. కర్వ్స్ చేసి, అంటే టైపు చేసిన అక్షరాన్ని గీతల బొమ్మగా మార్చి, అక్షరం ముక్కలన్నీ ఎంచుకుని వెల్డ్ కొడితే (ఒకటిగా కలిపితే) గీతలు పోతాయి.

రెండు లైన్ల శీర్షికలో పై లైను ఒత్తు కింది లైను గుడిని తగులుతుంటే లైన్ల దూరం మొత్తం పెంచేయకండి, శీర్షిక విడిపోయినట్టుంటుంది. మాటల విరుపు మార్చి చూడండి. 'సమ్మక్క' కింద 'శ్రీ' కాకుండా 'జాతర' పడేట్టు సర్దితే చాలాసార్లు గొడవ దానంతటదే పోతుంది.

ఫైలు ప్రింటుకు పంపే ముందు అక్షరాలను కర్వ్స్ చేయాలి. కోరెల్‌లో కంట్రోల్-క్యూ, ఇల్లస్ట్రేటర్‌లో కంట్రోల్-షిఫ్ట్-ఓ. లేకపోతే ఆ కంప్యూటర్‌లో మీ ఫాంటు లేనప్పుడు ఇంకేదో వచ్చి కూర్చుంటుంది. కర్వ్స్ చేశాక ఒక్క అక్షరం కూడా టైపు చేసి దిద్దలేం గనుక, ప్రూఫు చదవడం దానికి ముందే అయిపోవాలి. దిద్దడానికి వీలైన కాపీని వేరే పేరుతో దాచండి. వచ్చే జాతరకు తేదీ మార్చాలంటే మళ్లీ తెరిచేది ఆ ఫైలే.